తడి ఆరేదాకా

యుద్ధం నడుస్తున్న రోజులు. నాకు పంతొమ్మిదేళ్ళు. నరసరావుపేటలో మిషన్ వాళ్ళ ఆడపిల్లల బడిలో చదువుకుని, అదే బడిలో చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దిస్తున్నాను. మా నాన్న మిషన్ ఆసుపత్రిలో కట్లు కట్టేవాడు. ఊళ్ళో ఎవరికి కురుపు లేచినా, ఎవరి కాలు గొడ్డలికి తెగినా, ఆయన చేతుల మీదుగా పోవలసిందే.

మా బడి పెద్ద ఒక దొరసాని. ఆవిడకు నీళ్ళ రంగులంటే ప్రాణం. సెలవు రోజుల్లో నన్ను వెంటబెట్టుకుని చెరుకు తోటల వెంబడి, పత్తి చేల వెంబడి తిరిగి, ఎక్కడో ఒకచోట కూర్చుని బొమ్మ వేసేది. గొడుగు పట్టుకుని వెనక నిలబడడం నా పని. నిలబడి నిలబడి, చూసి చూసి నాకూ చెయ్యి తిరిగింది. ఆ ఏడు వానలు వెనకపట్టాక ఆవిడ నన్ను గదిలోకి పిలిచి, బడిలో బొమ్మల పంతులమ్మ ఉద్యోగం ఒకటి రాబోతున్నదని చెప్పింది. గుంటూరులో ఉన్న పెద్దలు ఒప్పుకోవాలంటే నా చేతి బొమ్మలు ఆరు పంపించాలి. పటాలు చూసి దించినవి పనికిరావు. ఊళ్ళోనే, ఆరుబయట కూర్చుని, ఎదురుగా ఉన్నదాన్ని చూసి వేసినవి కావాలి. క్రిస్మస్ లోపల ఇవ్వాలి.

యుద్ధం వల్ల దళసరి కాగితం రావడం ఆగిపోయింది. ఆవిడ పెట్టెలో మిగిలినవి తొమ్మిది. ఆ తొమ్మిదీ నాకే ఇచ్చేసింది. తన రంగుల డబ్బా కూడా ఇచ్చింది. అందులో నీలం బిళ్ళ సగానికి అరిగి ఉంది.

నీళ్ళ రంగులు వేసేవాళ్ళను చలికాలం బాగా ఏడిపిస్తుంది. ఎండలో వేసిన పూత అయిదు నిమిషాల్లో ఆరుతుంది. మంచులో వేసింది గంటైనా ఆరదు. ఆరకముందే పైన రెండో రంగు పెడితే అది కిందిదానిలోకి పాకి, పాలు విరిగినట్టు విరిగిపోతుంది. దొరసాని పుట్టింది మంచు పడే దేశంలో. చలికాలం బొమ్మ అంటే కాగితాన్ని తెల్లగా వదిలెయ్యడమే అనేది ఆవిడ. మాకు ఆ తెలుపు ఎక్కడిది? మార్గశిరంలో పొద్దున్నే లేచి చూస్తే మా ఊరి మీద ఉండేది మంచు ఒక్కటే కాదు, నీళ్ళ పొయ్యిల పొగ కూడా. రెండూ కలిసి ఇళ్ళ చూరుల ఎత్తున ఆగి ఉంటాయి. కోటప్పకొండ కనపడదు. ఆ పొగమంచుకు ఏ రంగు కలపాలో నాకు ఎవరూ చెప్పలేదు. నీలంలో రవ్వంత ఎర్రమట్టి రంగు కలిపితే దాని పోలిక వస్తుందని రెండు కాగితాలు పాడయ్యాక నాకే తెలిసింది.

ఆ తరవాత వేసిన నాలుగూ బాగానే కుదిరాయి. రైలు స్టేషనులో ఆగిన మాచర్ల బండి, పత్తి మిల్లు గేటు, బండ్ల అడ్డా, ఆసుపత్రి ముందు దుప్పట్లు కప్పుకుని కూర్చున్న రోగులు. అయిదోది షావుకార్ల బజారు వెయ్యాలని నా మనసు పట్టుబట్టింది. అది తూర్పు పడమరల వీధి. చలికాలంలో సూర్యుడు తూర్పు కొసనుంచి లేచి, పొగలోంచి నేరుగా వీధి పొడుగునా వస్తాడు. అరుగులు, స్తంభాలు, మధ్యలో గిలక బావి, అన్నీ ఒక వైపు నారింజరంగు, ఒక వైపు నీలం. బడికి పోతూ పడమటి కొసన ఆగి చూసేదాన్ని. లోపలికి నడిచిపోవడం వేరు, లోపల కూర్చోవడం వేరు. నడిచిపోతే ఎవరూ అడగరు.

ఇంట్లో చెబితే అమ్మ చేతిలో పని ఆపేసింది.

"ఆ బజార్న నీకేం పనే? ఊళ్ళో చోటే లేనట్టు!"

"బొమ్మకి ఆ ఎండ గావాలమ్మా."

"ఎండ మన పేటలో రావడం లేదా?"

నాన్న మాత్రం, "పోతే పో. బాయి దగ్గిర మాత్రం కూసోబాక. నీళ్ళు ఇంటికాణ్ణించే పట్టకపో," అన్నాడు.

ఆ మాట ఆయన నాకు విడమరిచి చెప్పనక్కరలేదు. ఆ బావి మాది కాదు. దాని గట్టు మీద మేము చెయ్యి వెయ్యకూడదు.

మొదటి రోజు మంచు దట్టంగా పట్టి పూత ఆరనే లేదు. తొందరపడి స్తంభాలు గీశాను. అన్నీ కారిపోయాయి. ఆ కాగితం చించెయ్యకుండా, వెనకవైపు పనికొస్తుందని ఇంటికి తెచ్చాను.

రెండోనాడు తెల్లవారకముందే వెళ్ళాను. బావికి ముప్ఫై అడుగుల ఇవతల, ఇంకా తెరవని కొట్టు గోడ పక్కన, చిన్న పీట వేసుకుని రోడ్డు మీదే కూర్చున్నాను. ఎవరి అరుగూ ఎక్కలేదు. పక్కన రెండు మందు సీసాల నిండా ఇంటి నీళ్ళు. ఒకటి కుంచె కడగడానికి, ఒకటి రంగు కలపడానికి. తెల్లచీర మీద అమ్మ కంబళి కప్పుకున్నాను. చూసేవాళ్ళకు బడి పంతులమ్మను అన్నంతవరకే తెలుస్తుంది. ఎదురింటి అరుగు మీద తెల్లచీర ముసుగు వేసుకున్న ఒక ముసలామె కుంపటి ముందు పెట్టుకుని చేతులు కాచుకుంటోంది. ఆమె నన్ను చూసింది. మళ్ళీ కుంపటి వైపు తిరిగింది.

సూర్యుడు ఎర్రగా పైకి రాగానే ఆకాశం పూత మొదలుపెట్టాను. కాగితం బిగించిన పలకను కొద్దిగా వాల్చి పైనుంచి కిందికి కుంచెతో నీటి అంచును తోసుకుంటూ రావాలి. మధ్యలో ఆగకూడదు. ఆగితే అంచు గట్టిపడి గీత పడుతుంది, ఆకాశానికి మాసిక వేసినట్టు. సగం వచ్చాను. అప్పుడే పాలవాడు ఒక బర్రెను, దూడను తోలుకుంటూ సందులోంచి వచ్చాడు. దూడ తాడు తెంపుకుని తల్లి మీదికి పరుగెత్తింది. నేను పలకను రెండు చేతులా పైకెత్తాను. బొమ్మ దక్కింది గానీ సీసాలు రెండూ ఎగిరిపోయాయి. ఒకటి రాతికి తగిలి పగిలింది. రెండోదాంట్లో చుక్క మిగల్లేదు. రంగు కలుపుకోవడానికి తెచ్చుకున్న సత్తు లోటా ఒక్కటే దొర్లుకుంటూ పోయి ఆగింది.

కుంచెలో తడి అయిపోతోంది. కాగితం మీద నీటి అంచు నా కళ్ళముందే సన్నబడుతోంది. ఇల్లు మైలు దూరం.

బావి దగ్గర పచ్చచీర కట్టుకున్న ఒక కోడలు పిల్ల నీళ్ళు తోడుతోంది. పదహారేళ్ళు ఉంటాయేమో. ఇందాకటినుంచీ చేద లాగుతూ లాగుతూ నా కాగితం వైపే మెడ సాచి చూస్తోంది. దూడ చేసిన పని చూసి నవ్వాపుకుంది. తరవాత నా మొహం చూసి నవ్వు మానేసి, నిండు బిందె చంకన పెట్టుకుని నా దగ్గరికి వచ్చేసింది.

"నీళ్ళు గావాల్నా పంతులమ్మగారూ? పొయ్యనా?"

నేను చెప్పవలసిన మాట ఒకటుంది. ఒక్క మాట. అది చెబితే ఆమె వెనక్కి వెళ్ళిపోతుంది, పూత పాడైపోతుంది, అంతే. నేను చెప్పలేదు. లోటా చాచాను. ఆమె బిందె వంచింది. చలికి ఆమె చేతులు వణుకుతున్నాయి, నావి కూడా. బిందె అంచు లోటాకు తగిలి టింగుమంది. ఆ చప్పుడు నాకు స్పష్టంగా వినపడింది.

ఆమె వెళ్ళిపోకుండా అక్కడే నిలబడి, నేను మిగతా పూత కిందిదాకా లాగుతుంటే చూసింది. "అబ్బ, అచ్చం పొగే!" అంది.

"ఏందే అది?"

వెనకనుంచి గొంతు. బియ్యపు కొట్టు షావుకారు. కొంచెం కుంటుతూ వస్తున్నాడు. ఆ కుంటు నేను ఎరిగినదే. అంతకు రెండు నెలల ముందు ఆయన పిక్క మీద రాచకురుపు లేస్తే మూడు వారాలపాటు రోజూ కట్టు మార్చినది మా నాన్నే. నాన్నకు అన్నం తీసుకుపోయినప్పుడు ఆయన నన్ను చూశాడు.

ఇప్పుడు కూడా చూశాడు. చూసి గుర్తుపట్టాడు.

"నువ్వు ఆసుపత్రిలో కట్లు కట్టేవోడి కూతురివి గదా?"

"అవునండి."

ఆయన చూపు నా మొహం మీదినుంచి లోటా మీదికి, లోటా మీదినుంచి ఆ పిల్ల చంకలో బిందె మీదికి పోయింది. ఆ పిల్ల మొహంలో నెత్తురు లేదు.

"ఏమే, దీనికి నీళ్ళు బోశావా?"

ఆమె పైటకొంగు బిందె మీదికి లాక్కుంది. ఆయన గొంతు విని ఇద్దరు ముగ్గురు అరుగులు దిగారు. ముగ్గు వేస్తున్న ఒకావిడ ముగ్గు డబ్బా చేత్తో పట్టుకునే వచ్చింది.

"బోస్తే బోసింది. బిందె దాని లోటాకి తగిలిందా, లేదా? తగిలితే అదే బిందె మళ్ళా బాయి గట్టెక్కుద్ది. చెప్పవేం?" అని షావుకారు గద్దించాడు.

ఆమె ఏడవడం మొదలుపెట్టింది. ఆయన నా వైపు తిరిగాడు.

"పోనీ నువ్వు చెప్పు. మీ మతంలో అబద్ధం ఆడగూడదంట గదా. తగిలిందా?"

అప్పుడు నేను ఆలోచించింది చాలా కొద్దిసేపే అయి ఉంటుంది. నాకు మాత్రం అది ఎంతకీ తెగలేదు. తగిలిందంటే ఏం జరుగుతుందో ఆ వీధిలో అందరికీ తెలుసు. ఆ పిల్లను ఇంట్లోకి రానివ్వరు. బావి మైలపడిందని నీళ్ళన్నీ తోడి పోయిస్తారు. ఆ కోపం మా పేట మీదికి, నాన్న ఉద్యోగం మీదికి వస్తుంది. పుట్టినప్పటినుంచీ ఆదివారం బడిలో నేను నేర్చుకున్నదీ, ఇప్పుడు పిల్లలకు నేర్పుతున్నదీ ఒక్కటే, నిజం చెప్పమని. ఒళ్ళో పలక మీద ఆకాశం తడితడిగా మెరుస్తోంది.

"తగల్లేదండి," అన్నాను. "పైనుంచే పోశారు."

"మీ దేవుడి మీద ఒట్టెయ్యి."

"మేం ఒట్లు పెట్టుకోకూడదండి."

అది నిజమే. కానీ అప్పుడది తప్పించుకునే మాటలాగే వినిపించింది. షావుకారు నవ్వాడు. "చూశారా, చూశారా," అని చుట్టూ ఉన్నవాళ్ళ వైపు తిరిగాడు. ముగ్గు డబ్బా ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది.

"నేను ఈడనే కూసుని చూస్తా ఉండా."

ఎదురింటి ముసలామె. ఆమె ఆ పిల్లకు అత్త అని నాకు అప్పుడే తెలిసింది. ఆమె కూర్చున్న చోటికీ మాకూ మధ్య నాలుగు బారలు కూడా లేదు. ఆ టింగుమన్న చప్పుడు ఆమెకు వినపడకుండా ఉండే వీల్లేదు.

"తగల్లేదు," అంది ఆమె. "నా కోడలికి బిందె ఎట్టా వంచాల్నో నేను నేర్పినా. పొద్దున్నే బజార్న ఈ అరుపులేందయ్యా? పోయి కొట్టు తెరుచుకో."

ఆమె మాటకు ఆ వీధిలో ఉన్న బరువు నాకు తెలియదు గానీ, షావుకారు నోరు మూసుకున్నాడు. కోడలు తలవంచుకుని ఇంట్లోకి వెళ్ళిపోయింది. ముసలామె నా వైపు తిరిగింది. ఆమె కళ్ళల్లో దయ ఏమీ లేదు.

"నువ్వు లే ఈడనుంచి."

నేను లేవబోయాను. పలక కదిలేసరికి తడి ఒక పక్కకు జారింది. మళ్ళీ కూలబడ్డాను. "తడి ఆరలేదమ్మగారూ. ఇప్పుడెత్తితే పాడైపోద్ది," అన్నాను. ఆ మాట ఎట్లా వచ్చిందో నాకే తెలియదు.

ఆమె ఒకసారి కాగితం వైపు చూసింది.

"ఎంతసేపు?"

"మంచు విడి ఎండొచ్చేసరికి గంటండి."

"ఆరేదాకా కూసో. ఆరినాక లేచిపో. మళ్ళా ఈ బజార్న కనబడబాక."

ఆ గంట నేను మర్చిపోలేను. షావుకారు కొట్టు తెరిచి, బియ్యపు బస్తా మీద కూర్చుని, నేను ఎప్పుడు లేస్తానా అని చూస్తూనే ఉన్నాడు. వచ్చేపోయేవాళ్ళు నన్ను చుట్టి, దూరంగా నడిచిపోతున్నారు. ఒకాయన నాకు వినపడేట్టు ఖాండ్రించి ఉమ్మాడు. కంబళి కింద వెన్నంతా చెమట. వేళ్ళు మాత్రం కొయ్యబారిపోయాయి. పూత ఆరుతూ వచ్చింది. ఊరికే కూర్చుంటే భయం ఎక్కువవుతుందని అరుగులు వేశాను, స్తంభాలు వేశాను, వాటి నీడలు వేశాను. రంగులన్నీ ఆ లోటాలో ఉన్న బావి నీళ్ళతోనే కలిపాను. ఒక్క గీత కూడా వణకలేదు. అప్పటికీ ఇప్పటికీ అది నాకు ఆశ్చర్యమే. బావి వేశాను, గిలక వేశాను. బావి దగ్గర మనిషిని వెయ్యడానికి కుంచె మొన తడిపి, ఆగాను. ఆ బొమ్మ రేపు ఎవరి చేతుల్లో పడుతుందో! ఆ పచ్చచీర చూసి ఎవరైనా ఫలానా అనుకుంటే? కుంచె కడిగేశాను. బొమ్మలో బావి దగ్గర ఎవరూ లేరు. వీధిలోనూ ఎవరూ లేరు.

ఆరిందని వేలితో తడిమి చూసుకుని లేచాను. ముసలామె అరుగు మీద లేదు. కుంపటి ఒక్కటే ఉంది.

ఇంటికి వచ్చి జరిగినదంతా చెప్పాను. అమ్మ నెత్తిన చేతులు పెట్టుకుని, "నే జెప్పలా? నే జెప్పలా?" అని గడపలో కూలబడింది. ఆ వారమంతా పేటలోకి ఎవరైనా కొత్త మనిషి వస్తే ఆమె తలుపు దగ్గరికి వేసేది. నాన్న మాత్రం నన్ను ఒకటే అడిగాడు.

"నిజంగా తగిలిందా?"

"తగిలింది నాన్నా."

ఆయన తన చేతులు చూసుకున్నాడు. మూడు వారాలు షావుకారు కాలు పట్టుకున్న చేతులు. "నా కాడికి వచ్చేటప్పుడు ఆయనకి ఏదీ అడ్డం రాలా," అన్నాడు. లేచి ఆసుపత్రికి వెళ్ళిపోయాడు.

నా మనసుకు మాత్రం ఊరట లేకపోయింది. ఆదివారం ఆరాధనలో రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే వేళకు, అబద్ధమాడిన నోటితో పుచ్చుకోలేక, లేచి బయటికి వచ్చేశాను. దొరసాని అది గమనించి, మర్నాడు పిలిచి అడిగింది. చెప్పాను. ఆవిడ పుస్తకాల తెలుగులో, "నీవు సత్యము చెప్పవలసి యుండెను," అంది.

"చెబితే ఆ పిల్ల గతి ఏమయ్యేదమ్మగారూ?"

"దేవుడు చూచుకొనును."

"ఆ పొద్దున చూసుకున్నది ఆ ముసలామె అమ్మగారూ."

ఆవిడకు ఎదురు చెప్పడం నాకు అదే మొదటిసారి. ఆవిడ మొహం ఎర్రబడింది. బల్ల మీదున్న నా అయిదు బొమ్మల్నీ ఒక్కొక్కటే తిరగేసి, బజారు బొమ్మ దగ్గర ఆగింది. ఇది అన్నిటికంటె బాగున్నది, కానీ ఇంత వెలుతురు వచ్చిన వేళ వీధిలో ఒక్క మనిషైనా ఎందుకు లేడని అడిగింది. నేను బొమ్మలోని బావి వైపు చూశాను. ఆవిడ అర్థం చేసుకున్నదనుకుంటాను. బొమ్మలు సర్ది అట్టల మధ్య పెట్టింది. ఆరోది మా బడి వెనక సందు వేసి ఇచ్చాను. సంక్రాంతి వెళ్ళిన తరవాత గుంటూరు నుంచి ఉత్తరం వచ్చింది, ఉద్యోగం నాకే అని. దొరసాని ఉత్తరం నా చేతిలో పెట్టింది గానీ, మునుపటిలా నన్ను బొమ్మలకు వెంట తీసుకుపోవడం మానేసింది. ఆ దూరం ఆవిడ స్వదేశం వెళ్ళేదాకా పోలేదు.

ఆ పిల్ల ఏమైందో తెలుసుకోవడానికి నాకు దారి లేదు. మళ్ళీ ఆ బజారులో అడుగు పెట్టలేదు. ఏడాది తిరిగి చలి మొదలైన రోజుల్లో, ఆసుపత్రిలో నాన్నకు అన్నం ఇచ్చి వస్తుంటే, ప్రసవాల గది వరండాలో ఆ ముసలామె కూర్చుని కనిపించింది. పక్కన ఇంటినుంచి తెచ్చుకున్న నీళ్ళ బిందె, దానిమీద గుడ్డ, గుడ్డ మీద చెయ్యి. నన్ను చూసి మొహం తిప్పుకుంది. మంత్రసాని వల్ల కాక రెండు రోజులు బాధపడ్డాక కోడల్ని బండిలో వేసుకొచ్చారని, తల్లీబిడ్డా దక్కారని నర్సు చెప్పింది.

మర్నాడు మధ్యాహ్నం ముసలామె భోజనానికి వెళ్ళేదాకా ఆగి లోపలికి వెళ్ళాను. మంచం మీద ఆ పిల్ల సగానికి చిక్కిపోయి ఉంది. నన్ను చూసి లేవబోయింది.

"నువ్వేగదా! దా, ఇట్టా కూసో. మా అత్త వచ్చేలోపల చెప్పాలి. ఆ పొద్దు మా అత్త లోపలికి రాంగానే తలుపేసింది. చింతపండు బెట్టి ఆ బిందె మూడుసార్లు తోమించింది. మళ్ళా ఆర్నెల్లు నన్ను బాయి కాడికి పోనియ్యలా. చలైనా వానైనా ఆమే తోడుకొచ్చింది. ఒక్క మాటంటే ఒక్క మాట అనలా నన్ను. మా ఆయనకి గూడా చెప్పలా."

ఆమె నా చేతి సంచీలో ఉన్న కాగితాలు చూసింది.

"ఆ బొమ్మలో నన్ను ఏశావా?"

"లేదమ్మా. ఎవరన్నా గుర్తుపడతారని భయపడ్డా."

"అవున్లే," అంది. కానీ మొహం చిన్నబోయింది. పక్కనున్న బిడ్డను సర్దుకుంది. తల ఎత్తి, "ఇప్పుడు ఏస్తావా మరి? బిరానా, మా అత్త రాకముందే," అంది.

రంగులు లేవు. పెన్సిలు ఉంది. ఒక చెవి వరండా వైపు పెట్టి, అడుగుల చప్పుడు వినపడినప్పుడల్లా కాగితం సంచీలోకి తోస్తూ, పావుగంటలో గీశాను. దిండుకు చేరగిలబడ్డ మనిషి, చెదిరిన జుట్టు, పక్కన మూట లాంటి బిడ్డ. ఆమె కాగితం వెలుతురుకు పెట్టి చాలాసేపు చూసింది.

"నా ముక్కు ఇంత పొడుగా?" అంది.

"పడుకున్నావు గదా, అట్టా కనపడింది," అన్నాను.

ఆమె వేలితో తన ముక్కు తడిమి చూసుకుని, మళ్ళీ కాగితం చూసి, బిడ్డ నిద్ర లేస్తాడేమోనని చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.